సర్వర్ దగ్గరికి వెళ్లకుండానే – 3వ పాఠం: దొడ్డిదారి నిజంగా వేరే దారేనా?

గత పాఠం చివర ఒక చిన్న పని ఇచ్చాను. సర్వర్‌ని షట్‌డౌన్ చేసి, దాని బీఎంసీ (బేస్‌బోర్డ్ మేనేజ్‌మెంట్ కంట్రోలర్) అడ్రస్‌కి పింగ్ కొట్టి చూడమన్నాను. జవాబు వచ్చే ఉంటుంది. పవర్ కేబుల్ పీకనంతవరకు మదర్‌బోర్డుకి స్టాండ్‌బై కరెంటు అందుతూనే ఉంటుంది, బీఎంసీ బతికేది దాని మీదే. సర్వర్‌లో కూర్చున్న మరో బుల్లి కంప్యూటర్ అది. ప్రాసెసర్, మెమరీ, సాఫ్ట్‌వేర్ అన్నీ దానికి సొంతం. డెల్‌లో దాన్ని ఐడ్రాక్ అంటారు, హెచ్‌పీఈలో ఐలో, లెనోవోలో ఎక్స్‌క్లారిటీ కంట్రోలర్. పేర్లు వేరైనా చేసే పని ఒకటే.

పింగ్ వచ్చింది కదా, అవుట్ ఆఫ్ బ్యాండ్ దారి, అంటే మామూలు నెట్‌వర్క్‌తో సంబంధం లేని దొడ్డిదారి, సిద్ధమైపోయిందని సంతోషించకండి. వచ్చిన జవాబు ఏ దారిన వచ్చిందో ఇంకా మనకి తెలియదు. దొడ్డిదారి అంటే దొంగదారి అని కాదు నా ఉద్దేశం. వీధి తలుపు బిగుసుకుపోయినప్పుడు లోపలికి వెళ్లడానికి పెరటివైపు ఉంచుకున్న తలుపు. ఆ తలుపు కూడా వీధిలోకే తెరుచుకుంటే దానివల్ల ఉపయోగం ఏముంది?

ముందు రాక్ వెనక్కి వెళ్లి కేబుల్ చూడండి. చాలా సర్వర్లలో మేనేజ్‌మెంట్‌కి విడిగా ఒక నెట్‌వర్క్ పోర్టు ఉంటుంది, పక్కన స్పానర్ బొమ్మో చిన్న అక్షరాలో ఉంటాయి. దీన్ని వాడితే డెడికేటెడ్ మోడ్. అలా కాకుండా, సర్వర్ మామూలుగా వాడే పోర్టునే బీఎంసీ కూడా పంచుకుంటే షేర్డ్ మోడ్. మూడోది ఫెయిలోవర్: డెడికేటెడ్ పోర్టులో లింక్ ఉంటే దాన్ని వాడుతుంది, లేకపోతే చప్పుడు చేయకుండా షేర్డ్‌కి మారిపోతుంది. కొన్ని బోర్డులు ఫ్యాక్టరీ నుంచే ఈ సెట్టింగ్‌తో వస్తాయి.

నేను దెబ్బతిన్నది సరిగ్గా ఇక్కడే. ఒక రాత్రి స్విచ్‌లో వీలాన్ (పోర్టుల్ని వేర్వేరు నెట్‌వర్కులుగా విడగొట్టే సెట్టింగ్) మారుస్తూ తప్పు పోర్టు మీద చెయ్యి వేశాను. సర్వర్ కనిపించకుండా పోయింది. బీఎంసీ ఉందిలే అనుకుని బ్రౌజర్ తెరిస్తే అదీ లేదు. టెన్షన్‌తో రాక్ దగ్గరికి పరిగెత్తి చూస్తే, మేనేజ్‌మెంట్ పోర్టుకి అసలు కేబులే లేదు! అన్నాళ్లూ ఫెయిలోవర్ పుణ్యమా అని షేర్డ్ పోర్టు మీదే నడిచింది. రోజూ పని చేసింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

అందుకే బీఎంసీ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో డెడికేటెడ్ అని గట్టిగా పెట్టేయండి. కేబుల్ ఊడితే అది వెంటనే మూగబోవాలి, మనకి తెలియాలి. ఫెయిలోవర్ సౌకర్యంగా కనిపిస్తుంది గానీ, నా దృష్టిలో అది తప్పుని దాచే సెట్టింగ్.

తర్వాత ఆ కేబుల్ వెంబడి నడవండి. మేనేజ్‌మెంట్ స్విచ్ చివరికి మామూలు ట్రాఫిక్ నడిచే అదే కోర్ స్విచ్‌లోకి (నెట్‌వర్క్ అంతా కలిసే ప్రధాన స్విచ్) వెళ్తోందా? బయటి నుంచి రావడానికి వాడే వీపీఎన్ అదే రాక్‌లోని సర్వర్ మీద నడుస్తోందా? బీఎంసీ లాగిన్ కేంద్ర డైరెక్టరీని (అందరి ఖాతాలూ ఉండే సర్వర్) అడుగుతోందా? అయితే దారి వేరు కానట్టే. పెద్దవాళ్లకీ ఇది తప్పలేదు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ సుమారు 6 గంటలు మాయమైంది. మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ వాళ్ల బ్యాక్‌బోన్‌ని (డేటా సెంటర్లని కలిపే సొంత నెట్‌వర్క్) తెంచింది, దాంతో పేర్లని అడ్రస్‌లుగా మార్చే డీఎన్ఎస్ సర్వర్లు ఇంటర్నెట్‌కి అందకుండా పోయాయి. మామూలు దారితో పాటు అవుట్ ఆఫ్ బ్యాండ్ దారి కూడా పనిచేయకపోవడంతో ఇంజనీర్లను డేటా సెంటర్లకే పంపాల్సి వచ్చింది. 2022 జులై 8న కెనడాలో టెలికాం సంస్థ రోజర్స్ నెట్‌వర్క్ కూలినప్పుడు కూడా మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ అదే కోర్ మీద ఆధారపడి ఉంది. కోర్‌తో పాటే అదీ పోయింది.

ఇక చేతికి పని. ఈ పాఠంలో నేర్చుకునే పనిముట్టు సీరియల్ ఓవర్ ల్యాన్, అందరూ సోల్ అంటారు. సర్వర్ సీరియల్ పోర్టులో వచ్చే అక్షరాల్ని బీఎంసీ నెట్‌వర్క్ మీదుగా మనకి పంపడమే ఇది. బీఎంసీతో మాట్లాడే ప్రమాణం ఐపీఎంఐ; 2004లో వచ్చిన దాని 2.0తో ఇది ప్రమాణంలో భాగమైంది. బ్రౌజర్‌లో తెర కనిపిస్తుంటే ఇదెందుకు అంటారా? సోల్‌లో వచ్చేది ఉత్త అక్షరాలే. నీరసంగా ఉన్న మొబైల్ డేటా మీద కూడా నడుస్తుంది. ఫైల్‌లోకి లాగ్ చేసుకోవచ్చు, కెర్నల్ పానిక్ (లైనక్స్ కెర్నల్ కుప్పకూలడం) చివరి వరుసలు పోకుండా దొరుకుతాయి.

బయోస్‌లో కన్సోల్ రీడైరెక్షన్ ఆన్ చేసి, స్పీడు 115200 పెట్టండి. లైనక్స్ కెర్నల్‌కి కూడా అదే సీరియల్ పోర్టు, అదే స్పీడు చెప్పండి. చాలామంది ఇక్కడే తడబడతారు: సోల్ కొన్ని సర్వర్లలో మొదటి సీరియల్ పోర్టు, కొన్నింట్లో రెండోది. తర్వాత మీ ల్యాప్‌టాప్ నుంచి ఐపీఎంఐటూల్ అనే కమాండ్‌ని ల్యాన్‌ప్లస్ ఇంటర్‌ఫేస్‌తో నడిపి, సోల్ యాక్టివేట్ అనండి.

బయోస్ కనిపించి, లైనక్స్ మొదలవగానే తెర ఖాళీ అయితే కెర్నల్‌కి చెప్పిన పోర్టు తప్పయి ఉంటుంది. పిచ్చి అక్షరాలు వస్తే స్పీడు కలవలేదు. బూట్ అంతా కనిపించి లాగిన్ మాత్రం రాకపోతే ఆ పోర్టు మీద గెట్టీ (లాగిన్ అడిగే ప్రోగ్రామ్) నడవడం లేదు. వేరే సెషన్ వాడుకలో ఉందని తిడితే, పాత సెషన్ తెగకుండా వేలాడుతోందన్నమాట; సోల్ డీయాక్టివేట్ ఇచ్చి మళ్లీ రండి. బయటికి రావడానికి ఎంటర్ నొక్కి, టిల్డే (~), చుక్క. ఎస్ఎస్‌హెచ్ లోపలి నుంచి నడుపుతుంటే టిల్డే రెండుసార్లు కొట్టాలి, లేదంటే ఎస్ఎస్‌హెచ్ సెషనే తెగిపోతుంది. నేను ఎన్నిసార్లు తెంపుకున్నానో లెక్కలేదు.

ఒక హెచ్చరిక కూడా. ఐపీఎంఐ వాడేది యూడీపీ 623 పోర్టు. 2.0లో లాగిన్ పూర్తికాకముందే పాస్‌వర్డ్ హాష్‌ని (పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టిన గుర్తు) అడిగినవాళ్లకి ఇచ్చేస్తుంది. లోపం ప్రమాణంలోనే ఉంది కాబట్టి ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌తో పోదు. ఈ పోర్టుని ఎట్టి పరిస్థితుల్లోనూ ఇంటర్నెట్‌కి తెరవకండి, పాస్‌వర్డ్ పొడవుగా పెట్టండి. 2015లో వచ్చిన రెడ్‌ఫిష్ దీనికి మెరుగైన వారసుడు, దాన్ని 5వ పాఠంలో పట్టుకుందాం.

ఈసారి అభ్యాసం: నిజమైన వాడుకలో లేని ఒక సర్వర్ తీసుకుని, స్విచ్‌లో దాని డేటా పోర్టులన్నీ ఆపేయండి. ఆఫీసు నెట్‌వర్క్ వదిలేసి, ఫోన్ హాట్‌స్పాట్ మీద నుంచి సోల్ లాగిన్ వరకు చేరుకోండి. దారిలో దేని మీద ఆధారపడ్డారో ఒక్కొక్కటీ కాగితం మీద రాయండి: వీపీఎన్, డీఎన్ఎస్ పేరు, రెండో అంచె ఓటీపీ, పాస్‌వర్డ్ ఎక్కడి నుంచి తీశారు. పాస్‌వర్డ్లు దాచిన వాల్ట్ ఆ రాక్‌లోనే ఉందని కొందరికి అప్పుడే తెలుస్తుంది. ఆ కాగితం దాచి ఉంచండి. 4వ పాఠంలో స్విచ్‌లు, రౌటర్లకి కన్సోల్ సర్వర్ తగిలించేటప్పుడు అదే తీసి ముందు పెట్టుకుందాం.