రథయాత్రకు ముందే చెబుతున్నా: రింగవుతోంది కదా అని ఆగకండి

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు దగ్గరున్న రాయగడలో నాది చిన్న మొబైల్ రిపేర్ షాపు. రథయాత్ర వారం వచ్చిందంటే డిస్‌ప్లే పగిలిందని వచ్చేవాళ్ళ కన్నా ఫోనే పోయిందని వచ్చేవాళ్ళు ఎక్కువవుతారు. ఈసారి రథం కదలకముందే మొదలైంది. మొన్నటి ఆదివారం కాక, దాని ముందు ఆదివారం, మజ్జిగౌరమ్మ గుడి దగ్గర క్యూలో మా వీధి చిన్నమ్మ ఫోన్ పోయింది. ఆవిడకి టిఫిన్ కొట్టు ఉంది. ఇడ్లీ డబ్బులు చాలావరకు క్యూఆర్‌లోనే పడతాయి. పొద్దున్న పదింటికి పోతే, కొడుకు తన ఫోన్ నుంచి సాయంత్రం నాలుగు దాకా కొడుతూనే ఉన్నాడు. రింగవుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. నాలుగు దాటాక స్విచ్ ఆఫ్. సోమవారం కొట్టు మూస్తే ఎలా అని ఎవరూ కదల్లేదు. మంగళవారం నూనె డబ్బాకి డబ్బు తీద్దామని బ్యాంకుకి వెళ్తే ఖాతాలో నలభై ఆరు వేలు తక్కువున్నాయి. ఆదివారం రాత్రి ఐదు వేలు పోయాయి. మిగతాది మంగళవారం పొద్దున్న, కొట్టు ముందు జనం అట్ల కోసం నిలబడి ఉన్న టైములో.

"ఫోనుకి లాకుంది కదా బాబూ. లాకు తియ్యకుండా డబ్బెలా పోద్ది?" అని అడిగింది.

లాక్ ఫోన్‌కి ఉంది, సిమ్‌కి లేదు. సందులో పిన్ను గుచ్చితే ట్రే బయటికొస్తుంది, సిమ్ చేతికొస్తుంది. దాన్ని ఇంకో ఫోన్‌లో వేస్తే ఆ నంబర్ దొంగదే. యూపీఐ యాప్‌కి మనిషి మొహంతో పని లేదు, ఆ నంబర్ నుంచి ఎస్ఎంఎస్ వెళ్తే చాలు, దానికి కట్టిన ఖాతా చూపిస్తుంది. పిన్ తెలియకపోతే కొత్త పిన్ పెట్టుకోవచ్చు. దానికి కొన్ని బ్యాంకులు అడిగేది ఏటీఎం కార్డు మీద చివరి ఆరు అంకెలు, గడువు తేదీ, ఫోన్‌కి వచ్చే ఓటీపీ. చిన్నమ్మ కార్డు ఎక్కడుంది? ఆ ఫోన్ పౌచ్‌లోనే. పక్కన నాలుగు మడతలు పెట్టిన ఆధార్ జెరాక్స్ కూడా ఉంది.

ఇంకో సంగతి చూడండి. కొత్త ఫోన్‌లో యూపీఐ పెట్టాక మామూలుగా మొదటి 24 గంటలు ఐదు వేలకు మించి పంపనివ్వరు. మనం తేరుకుని సిమ్ ఆపించుకోవడానికి ఇచ్చిన టైము అది. చిన్నమ్మ ఇంట్లో ఆ టైమంతా ముందు రింగులు కొట్టడానికి, తర్వాత కొట్టు నడపడానికి అయిపోయింది.

ఫోన్‌తో పాటు డబ్బు కూడా పోగొట్టుకుని నా దగ్గరికి వచ్చినవాళ్ళందరూ చెప్పేది ఇదే. "రింగవుతోంది కదా, ఎవరైనా మంచోళ్ళు ఎత్తుతారేమో అని చూశాం." సిమ్ ఆపిస్తే ఇక ఫోన్ దొరకదని భయం. కానీ ఫోన్ రింగవుతోందంటే సిమ్ బతికే ఉందని అర్థం. సిమ్ బతికున్నంతసేపు మీ బ్యాంకు తలుపు తీసి ఉన్నట్టే.

జేబులో జాగ్రత్త, సంచీ ముందుకు వేసుకోండి, ఇలాంటివి మీకు నేను చెప్పక్కర్లేదు. మిగతావి చెప్తాను.

ఇల్లు కదలకముందు

పౌచ్‌లోంచి ఏటీఎం కార్డు, ఆధార్ తీసి ఇంట్లో పెట్టండి. పిన్ రాసిన కాయితం కూడా. మా షాపులో బ్యాక్ కవర్ ఊడదీస్తే ఏమేం రాలతాయో చెప్తే నమ్మరు. ఒకాయన కవర్ లోపలివైపు మార్కర్‌తో నాలుగంకెలు రాసుకున్నాడు.

సిమ్‌కి పిన్ పెట్టుకోండి. ఫోన్ సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో సిమ్ లాక్ అని ఉంటుంది. ఇది పెడితే సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేసినా అంకెలు అడుగుతుంది, చెప్పకపోతే పనిచేయదు. రూపాయి ఖర్చు లేదు. అయినా పదిమందిలో ఒకరు కూడా పెట్టుకోరు. ఒక్కటే జాగ్రత్త: పాత పిన్ అడిగినప్పుడు ఊహించి కొట్టకండి. మూడుసార్లు తప్పితే సిమ్ తాళం తీసే పీయూకే కోడ్ అడుగుతుంది, అదీ పదిసార్లు తప్పితే ఆ సిమ్ చచ్చినట్టే. కంపెనీ మొదట ఇచ్చే పిన్ ఏదో కస్టమర్ కేర్‌లో కనుక్కుని మార్చండి.

లాక్ స్క్రీన్ మీద మెసేజ్ లోపలి మాటలు కనబడకుండా ఆపేయండి. ఓటీపీ పైకి తేలుతుంటే దొంగకి సిమ్ తీసే పని కూడా ఉండదు.

మీ జీమెయిల్ పాస్‌వర్డ్ మీకు తెలుసా? ఫోన్ కొన్నరోజు షాపువాడు పెట్టిచ్చిన జీమెయిల్ అయితే తెలియదు. ఇందులో నా తప్పూ ఉంది. ఎంతోమందికి నేనే పెట్టిచ్చాను, కాయితం మీద రాసిచ్చాను, ఆ కాయితం డబ్బాతో పాటు పాత సామాన్లవాడికి వెళ్ళిపోయింది. పాస్‌వర్డ్ తెలియకపోతే ఫోన్ వెతికే సౌకర్యం ఉన్నా లేనట్టే. కొత్త పాస్‌వర్డ్ పెట్టుకుని నోటుబుక్కులో రాయండి. గూగుల్ ఖాతాలో బ్యాకప్ కోడ్లు అని పది ఇస్తుంది, ఒక్కోటి ఎనిమిది అంకెలు. అవీ రాసుకోండి, ఎందుకంటే కొత్త చోట లాగిన్ అయితే కోడ్ వచ్చేది పోయిన ఫోన్‌కే.

*#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ, అంటే ఫోన్ గుర్తింపు నంబర్ వస్తుంది. రెండు సిమ్‌ల ఫోన్ అయితే రెండు వస్తాయి. రెండూ రాసుకోండి. బిల్లు ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కి పంపి ఉంచండి. పాస్‌బుక్ మీద ఉన్న బ్యాంకు నంబర్ కూడా రాసుకోండి.

ఇవన్నీ ఒకే కాయితం మీద పెట్టి దేవుడి గదిలో ఉంచండి. మా ఇంట్లో క్యాలెండర్ వెనక ఉంటుంది.

పోయిందనిపించిన మొదటి అరగంట

ఇంట్లోనే ఎక్కడో పెట్టి మర్చిపోయి ఉండొచ్చు. మా ఆవిడ ఫోన్ ఒకసారి బియ్యం డబ్బాలో దొరికింది, కొలిచే గ్లాసుతో పాటు లోపల పెట్టి మూత వేసేసింది. సైలెంట్‌లో ఉన్న ఫోన్‌కి కాల్ చేసి లాభం లేదు. వేరే ఫోన్‌లో గూగుల్ ఫైండ్ హబ్ తెరిచి, గెస్ట్‌గా మీ జీమెయిల్‌తో లాగిన్ అయి, సౌండ్ ప్లే చేయమంటే సైలెంట్‌లో ఉన్నా ఐదు నిమిషాలు గట్టిగా మోగుతుంది. 2025 దాకా దీని పేరు ఫైండ్ మై డివైస్. ఐఫోన్ అయితే ఫైండ్ మై. ఫోన్ ఆన్‌లో ఉండి నెట్ ఉంటేనే మోగుతుంది.

మోగలేదా? అక్కడి నుంచే ఫోన్‌ని లాక్ చేసి, స్క్రీన్ మీద ఇంకో నంబర్ కనబడేట్టు మెసేజ్ పెట్టండి. నిజంగా మంచోడికి దొరికితే ఆ నంబర్‌కి చేస్తాడు. మీరు ముప్పైసార్లు రింగ్ కొట్టక్కర్లేదు. రింగులకి చార్జింగ్ కూడా దిగిపోతుంది.

ఇక ఇక్కడే జనం ఆగిపోతారు. ఆగకండి. ముందు బ్యాంకుకి ఫోన్ చేసి యూపీఐ, కార్డు రెండూ ఆపమనండి. దీనివల్ల ఫోన్ లొకేషన్‌కి ఏమీ కాదు, కాబట్టి ఆలోచించాల్సింది లేదు. ఆ తర్వాత సిమ్. సిమ్ ఆపితే నెట్ పోయి లొకేషన్ కనబడకపోవచ్చు, నిజమే. అందుకే అరగంట అంటున్నాను. అరగంటలో దొరక్కపోతే సిమ్ ఆపించండి. పది, పన్నెండు వేల ఫోన్ కోసం ఖాతా మొత్తం పణంగా పెట్టకండి.

సిమ్ ఆపించడానికి అదే కంపెనీ సిమ్ ఉన్న పక్కవాళ్ళ ఫోన్ నుంచి 198 కొట్టండి. సిమ్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళు మాట్లాడాలి. మన వైపు ఇదో పెద్ద తంటా. అమ్మ వాడే సిమ్ కొడుకు పేరు మీద ఉంటుంది, కొడుకు విశాఖలో డ్యూటీలో ఉంటాడు. పైగా చాలామందికి సిమ్ ఆంధ్రాది, ఆధార్ ఒడిశాది. డూప్లికేట్ సిమ్‌కి వెళ్తే మీ రాష్ట్రంలోనే తీసుకోండి అని నా కళ్ళ ముందే తిప్పి పంపారు. పార్వతీపురం వెళ్ళి రావాలంటే ఒక పూట పోతుంది. అందుకే ఆపించడం వేరు, కొత్తది తీసుకోవడం వేరు అని గుర్తుపెట్టుకోండి. కొత్తది రేపైనా తీసుకోవచ్చు. ఆపించడం ఇప్పుడే.

ఒకవేళ డబ్బు పోయిందని తెలిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. ఎంత త్వరగా చెప్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ. 2017 జూలైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, తప్పు మనదే అయినా బ్యాంకుకి చెప్పిన తర్వాత పోయేదానికి బాధ్యత బ్యాంకుది. చెప్పకముందు పోయింది మన నెత్తిన. చిన్నమ్మ ఆదివారం సాయంత్రం ఒక్క కాల్ చేసి ఉంటే పోయేది మహా అయితే ఐదు వేలు. ఫిర్యాదు నంబర్ అడిగి రాసుకోండి, చెప్పిన టైము కూడా.

స్టేషన్, సంచార్ సాథీ

పోలీసులకి ఫిర్యాదు ఒడియాలో రాయించాల్సి వస్తే, పక్కన ఎవరో రాసిచ్చింది చదివించుకోకుండా సంతకం పెట్టకండి. హజిజాయిఛి అంటే పోయింది, చొరి అంటే దొంగతనం. జేబు కోసి తీసుకెళ్తే చొరి అనే రాయించండి. ఐఎంఈఐ అంకెలు మీరే రాయండి. నేను చూసిన ఒక ఫిర్యాదులో పద్నాలుగే ఉన్నాయి.

విజయనగరం, రాయగడ మధ్య రైల్లో పోతే ఏ రాష్ట్రం పోలీసు అని బుర్ర బద్దలు కొట్టుకోవద్దు. రైల్వే హెల్ప్‌లైన్ 139కి చేయండి లేదా రైల్వే ఫిర్యాదుల యాప్ రైల్ మదద్‌లో పెట్టండి. రైల్వే రక్షణ దళం కూడా 2025 నుంచి పోయిన ఫోన్లని సీఈఐఆర్‌లో పెట్టి వెతుకుతోంది.

సీఈఐఆర్ అంటే ఐఎంఈఐ పట్టుకుని ఫోన్‌నే ఆపే కేంద్ర ప్రభుత్వ పద్ధతి. 2019లో మహారాష్ట్ర వైపు మొదలుపెట్టి, 2023 మేలో సంచార్ సాథీ పోర్టల్‌తో దేశమంతటికీ తెచ్చారు. అందులో ఫోన్ బ్లాక్ చేస్తే ఏ కంపెనీ సిమ్ వేసినా ఇక్కడ పనిచేయదు, వేయగానే పోలీసులకి జాడ తెలుస్తుంది. ఫిర్యాదు కాపీ, ఐఎంఈఐ, ఆధార్ లాంటి గుర్తింపు కావాలి. ఓటీపీ డూప్లికేట్ సిమ్‌కే వస్తుంది. కొత్త సిమ్‌కి మొదటి 24 గంటలు ఎస్ఎంఎస్‌లు రావు కాబట్టి, సిమ్ తీసుకున్న గంటకే కూర్చుని ఓటీపీ రాలేదని టెన్షన్ పడకండి. మర్నాడు పెట్టండి.

మిగతావి గుర్తొచ్చినట్టు చెప్పేస్తున్నా:

కస్టమర్ కేర్ నంబర్ గూగుల్‌లో వెతక్కండి, దొంగ నంబర్లు తగలొచ్చు. ఫోన్ పోయినవాడికి రెండో దెబ్బ అక్కడే తగులుతుంది.

మీ ఫోన్ దొరికింది, ఈ లింక్ నొక్కండి అని మెసేజ్ వస్తే నొక్కకండి. పాస్‌వర్డ్ అడిగే పేజీ అది.

ఫోన్ నా దగ్గరుంది, రెండు వేలు పంపితే కొరియర్ చేస్తా అంటే పంపకండి.

ఏ పోలీసూ ఓటీపీ అడగడు.

లొకేషన్ చూపిస్తోంది కదా అని రాత్రిపూట మీరే వెళ్ళకండి. టవర్ లెక్కన ఆంధ్రా వైపు కొమరాడ అని చూపించిన ఫోన్ రాయగడలోనే ఉండొచ్చు, మీరు తప్పు ఇంటి తలుపు కొడతారు.

వాట్సాప్‌కి ఆరంకెల పిన్ పెట్టుకోండి. లేకపోతే దొంగ మీ పేరుతో మీ అత్తగారికే డబ్బు అడుగుతాడు.

డేటా చెరిపేయమనే బటన్ ఆఖర్న నొక్కండి. చెరిగాక ఆ ఫోన్ ఫైండ్ హబ్‌లో కనబడదు.

సంతలో మూడు వేలకి వచ్చే స్మార్ట్‌ఫోన్ కొనకండి. కొనక తప్పకపోతే ఇంగ్లీషు అక్షరాల్లో కేవైఎం, ఖాళీ వదిలి ఐఎంఈఐ కొట్టి 14422కి ఎస్ఎంఎస్ చేయండి. బ్లాక్ అయిందో లేదో చెప్తుంది. ఇంకొకరి చిన్నమ్మ ఫోన్ అది.

ఫోన్ దొరికితే ముందు సంచార్ సాథీలో అన్‌బ్లాక్ పెట్టండి. పెట్టకుండా సిమ్ వేసి, సెట్టు పాడైందని నా దగ్గరికి తేకండి.

రింగవుతోందా? అవ్వనివ్వండి. మీరు బ్యాంకుకి చేయండి.

స్విచ్ ఆఫ్ వచ్చిందా? అయితే అరగంట కూడా లేదు. వెంటనే సిమ్ ఆపించండి.

సిమ్ పిన్ పెట్టించుకోవాలంటే, జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చుకోవాలంటే రథయాత్రకి ముందే షాపుకి రండి, డబ్బులు వద్దు. ఆ రోజు మాత్రం మధ్యాహ్నం దాకానే ఉంటాను. రథం మా వీధి మొగకి రాగానే షట్టర్ దించేస్తాను.