లఘుచిత్రం టీమ్‌ని నడపడం – 4వ పాఠం: "ల్యాగ్ ఉంది" అన్నప్పుడు ఏం చేయాలి

ఈసారి సౌండ్ వాళ్లతో పని గురించి రాస్తానన్నాను. అది వచ్చే పాఠానికి జరిపాను, ఎందుకంటే 3వ పాఠం చదివి మీలో చాలామంది చేసిన పని చూశాక, దీన్ని ముందు సరిచేయకపోతే మీ సినిమా అసలు సౌండ్ దాకా వచ్చేలా లేదు.

3వ పాఠంలో నేను రాసింది టీమ్‌లో ప్రతివాళ్ల మాటా వినమని. మీరేమో రఫ్ కట్‌ని (షాట్లు వరసగా అతికించిన తొలి కూర్పుని) వాట్సాప్ గ్రూప్‌లో పడేసి "అందరూ ఒపీనియన్ చెప్పండి" అన్నారు. ఒకాయన క్లైమాక్స్ ఏ వెర్షన్ ఉంచాలని ఏకంగా పోల్ పెట్టారట, అందులో మేకప్ చేసినమ్మాయి తమ్ముడు కూడా ఓటేశాడట. ఇంకొకరి దగ్గర ఎడిటర్ తలా ఒకరు పంపిన కరెక్షన్లన్నీ వరసగా చేసుకుంటూ పోయి, చివరికి "అన్నా, ఇప్పుడు ఎవరిది ఫైనల్?" అని అడిగితే రెండు రోజులు జవాబు లేదు, దాంతో ప్రాజెక్ట్ ఫైల్ డ్రైవ్‌లో పెట్టేసి తప్పుకున్నాడు. నేనైనా అదే చేసేవాణ్ణి.

వినడం దగ్గర ఎంతమందైనా ఉండొచ్చు. తేల్చడం దగ్గర ఒక్కరే ఉండాలి, ఆ ఒక్కరూ మీరే. ఎడిటర్‌కి వెళ్లే కరెక్షన్ ఏదైనా మీ నోటి నుంచే వెళ్లాలి. నిర్మాతకి (మీలో చాలామంది విషయంలో డబ్బులిచ్చిన బావగారికి) ఒక సీన్ నచ్చకపోతే ఆయన మీకు చెప్పాలి, ఎడిటర్‌కి ఫోన్ చేయకూడదు. చేస్తారు, అది వేరే సంగతి. చేసినప్పుడు "సరే సార్, డైరెక్టర్‌తో మాట్లాడతాను" అని పెట్టేయమని ఎడిటర్‌కి ముందే చెప్పి ఉంచండి. బావగారి ముందు ఇబ్బంది పడాల్సింది మీరు, ఆ కుర్రాడు కాదు.

అమెరికాలో పిక్సార్ స్టూడియోలో తయారవుతున్న సినిమాని మిగతా డైరెక్టర్లకీ రచయితలకీ చూపించి, మొహమాటం లేకుండా మాట్లాడించే పద్ధతి ఉంది, దాన్ని బ్రెయిన్‌ట్రస్ట్ అంటారు. అక్కడ కూర్చున్నవాళ్లు ఎంత పెద్దవాళ్లైనా చెప్పగలరు గానీ ఆర్డర్ వేయలేరు, ఏది తీసుకోవాలో ఆ సినిమా డైరెక్టరే తేల్చుకోవాలి. మన దగ్గర దర్శకుడు కె.వి.రెడ్డిగారు ఈ గొడవంతా షూటింగ్‌కి ముందే ముగించేవారు. సీన్లు చదివించి, స్టాప్‌వాచ్‌తో కొలిచి, నిడివి ముందే లెక్కేసుకుని సెట్ మీదకి వెళ్లేవారు. ఆయన తీయగా 1957లో వచ్చిన మాయాబజార్‌కి సాలూరి రాజేశ్వరరావుగారు నాలుగు పాటలకు బాణీలు కట్టి తప్పుకుంటే మిగతా సంగీతం ఘంటసాలగారు పూర్తిచేశారు. సంగీత దర్శకుడు మధ్యలో మారడమంటే మామూలు దెబ్బ కాదు. అయినా సినిమా చూస్తుంటే ఎక్కడ చేతులు మారాయో మనకు తట్టదు. ఏ పాట ఎందుకు వస్తోందన్నది ఒకరి బుర్రలో గట్టిగా ఉండబట్టే అది సాధ్యమైందని నా లెక్క.

టైముకి రావడం, ఉచితంగా పనిచేసేవాళ్లకి వేళకి భోజనం పెట్టించడం, అందరి ముందూ ఎవరి మీదా అరవకపోవడం, ఇవన్నీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా.

ఇప్పుడు నన్ను బాగా విసిగించే మాట దగ్గరికి వద్దాం. "సెకండాఫ్ కొంచెం ల్యాగ్ ఉంది బ్రో." పన్నెండు నిమిషాల సినిమాకి సెకండాఫ్ ఏమిటో ముందు నాకు అర్థం కాదు. అది వదిలేయండి. ఈ మాట చెప్పినవాళ్ల తప్పేం లేదు, వాళ్లకు విసుగొచ్చింది, వచ్చిందని నిజాయితీగా చెప్పారు. తప్పు మీది ఎక్కడంటే, ఆ మాటని ఉన్నదున్నట్టు ఎడిటర్‌కి ఫార్వర్డ్ చేయడం దగ్గర. ఎడిటర్‌కి "ల్యాగ్" అని చేరితే అతను చేయగలిగింది ఒక్కటే, కత్తెర. ప్రతి షాట్ చివరా కొంచెం కొంచెం కోస్తాడు. సినిమా పన్నెండు నుంచి పది నిమిషాలవుతుంది. మళ్లీ చూపిస్తే మళ్లీ అదే మాట, "ఇంకా ల్యాగ్ ఉంది బ్రో."

ఎందుకంటే విసుగు పుట్టిన చోటు ఒకటి, విసుగు బయటపడిన చోటు ఇంకొకటి. తండ్రి బస్టాండ్‌లో కూతుర్ని హాస్టల్‌కి పంపిస్తున్నాడు, 14 సెకన్ల షాట్, మాటల్లేవు. చూసినవాళ్లు సాగిందన్నారు. 6 సెకన్లు చేశారు, ఇంకా సాగుతూనే ఉంది. ఆయన పొలం కుదువ పెట్టి ఫీజు కట్టాడన్న సంగతి ముందు సీన్‌లో ఒక మాటలో వచ్చి పోయింది, అదీ ప్రెషర్ కుక్కర్ విజిల్ కింద. ఎవరికీ వినపడలేదు. ఆ మాట వినపడేలా చేస్తే 14 సెకన్లు ఉండొచ్చు, ఇంకో నాలుగు కలిపినా ఎవరూ కదలరు. కోయాల్సింది బస్టాండ్‌లో కాదు, సరిచేయాల్సింది వంటింట్లో.

ఇంకోటి. హీరో ఉద్యోగం పోయిందని ఫోన్‌లో వింటాడు, తర్వాత సీన్‌లో స్నేహితుడికి చెప్తాడు, ఆ తర్వాత ఇంట్లో అమ్మకి చెప్తాడు. ప్రేక్షకుడికి అది మొదటిసారే తెలిసిపోయింది. అమ్మ దగ్గరికి వచ్చేసరికి "ల్యాగ్" అంటాడు, అక్కడ నటించినావిడ ఎంత బాగా చేసినా సరే. మధ్యలో స్నేహితుడి సీన్ మొత్తం లేపేయండి, అమ్మ సీన్ లేచి కూర్చుంటుంది.

ఇంకొన్నిసార్లు అసలు జబ్బే ఉండదు. రఫ్ కట్‌లో సౌండ్ ఖాళీగా ఉంటుంది. ఇంజన్ల రొద, అనౌన్స్‌మెంట్, పల్లీలమ్మే అతని కేక, ఏదీ లేకుండా ఆర్టీసీ బస్టాండ్ సీన్ చూస్తే ఎవరికైనా సాగినట్టే ఉంటుంది. టెంపరరీగా ఏదో ఒక బస్టాండ్ చప్పుడు కింద వేసి చూపించండి, సగం ఫిర్యాదులు రావు. ఇంకో రకం, ఆ పాత్రకి ఏం కావాలో మనకు తెలియకపోవడం. మేడ మీద సిగరెట్ కాలుస్తూ ఆకాశం వైపు చూసే షాట్లు మీ అందరి సినిమాల్లోనూ ఉన్నాయి, వాటి గురించి ఇంతకన్నా చెప్పను.

కాబట్టి ఎవరైనా ల్యాగ్ అంటే ఎదురు రెండే ప్రశ్నలు అడగండి: సరిగ్గా ఎక్కడ మనసు పక్కకి పోయింది, ఆ టైముకి కథలో ఏం జరుగుతోందని అనుకుంటున్నావు? రెండో దానికి వచ్చే జవాబులోనే మందు ఉంటుంది. "వాళ్లిద్దరూ అన్నాచెల్లెళ్లు అనుకున్నా" అంటాడు, మీ సినిమా ప్రేమకథ. ఇక అక్కడ కత్తెరతో పనేముంది?

ఎడిటర్‌కి చెప్పేటప్పుడు కూడా ఇంతే. "02:14 దగ్గర రెండు సెకన్లు తీసెయ్" అనకండి. "02:14 దగ్గర ఆమెకి కోపం ఎందుకొచ్చిందో అందట్లేదు" అనండి, ఎలా సరిచేయాలో అతన్ని ఆలోచించనివ్వండి. మీకు తట్టనిది అతనికి తడుతుంది, వేరే టేక్‌లో ఒక చూపు దాచి ఉంచుకుని ఉంటాడు. నాకైతే ఎడిటర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం అస్సలు నచ్చదు. టైమ్‌కోడ్లతో (ఏ నిమిషం, ఏ సెకను దగ్గరో) ఒక కాగితం ఇచ్చి వెళ్లిపోతాను. రాత్రి ఒంటిగంటకి వాయిస్ మెసేజ్‌లు పెట్టేవాళ్లని చూస్తే ఆ ఎడిటర్లు ఎలా భరిస్తున్నారా అనిపిస్తుంది. ఒక చిట్కా: కట్‌ని ఒకసారి మ్యూట్‌లో చూడండి, ఇంకోసారి స్క్రీన్ వైపు చూడకుండా వినండి. కథ తెలియని మనిషిని కూర్చోబెట్టి స్క్రీన్ వదిలేసి ఆ మనిషి మొహం చూస్తే ఇంకా మంచిది, ఎక్కడ ఫోన్ తీశాడో అక్కడ గుర్తు పెట్టుకోండి, తర్వాత ఆయనేం చెప్పినా పర్లేదు.

కెమెరామెన్ అలిగాడని ఇద్దరు రాశారు. తెల్లవారుజామున లేచి తీసిన డ్రోన్ షాట్ కట్‌లో లేదని గ్రూప్‌లో చూసి తెలుసుకున్నాడట. అలగడా మరి? తీసేస్తున్నామని కట్ చూపించకముందే, విడిగా, మీరే చెప్పాలి, కథ వైపు నుంచి కారణం చెప్పాలి. ముందు పావుగంట పొగిడి తర్వాత కోసే పద్ధతి నాకు పడదు, పొగడ్త మొదలవగానే ఏదో పోయిందని వాళ్లకి అర్థమైపోతుంది.

ఇంకొక్క ముక్క. ఈ వినడాలూ అడగడాలూ అన్నీ పిక్చర్ లాక్‌కి, అంటే ఇక కట్ మార్చమని తేల్చేయడానికి, ముందే. లాక్ అన్నాక మధ్యలో 12 ఫ్రేములు తీసినా, సెకనుకి 24 లెక్కన అది అర సెకను, అక్కణ్ణుంచి చివరిదాకా డబ్బింగ్, ఎఫెక్ట్స్, ఆర్.ఆర్. (నేపథ్య సంగీతం) అన్నీ అర సెకను తప్పుతాయి. పెదాలు ఒకటంటాయి, మాట ఇంకొకటి వినపడుతుంది. సౌండ్ అతను మళ్లీ మొదటి నుంచి సర్దుకోవాలి, ఫ్రీగా చేస్తున్నవాడైతే సర్దడు.

అభ్యాసం. మీ రఫ్ కట్‌లో మూడు నిమిషాల ముక్క తీసుకోండి. టీమ్‌లో ఇద్దరికి, టీమ్‌తో సంబంధం లేని ఒకరికి విడివిడిగా చూపించండి, ఎవరేమన్నారో ఇంకొకరికి తెలియకూడదు. వాళ్లు చెప్పిన మాటలు అలాగే రాసుకోండి, పక్కన అసలు సమస్య ఏమిటో మీ మాటల్లో రాయండి. ఒక రోజు ఆగి ఏవి తీసుకుంటున్నారో తేల్చండి. తీసుకోని ప్రతి సలహాకీ, ఇచ్చిన మనిషికి ఫోన్ చేసి ఎందుకు తీసుకోలేదో చెప్పండి, మెసేజ్ కుదరదు. తర్వాత మీకు బాగా ఇష్టమైన షాట్ తీసేసి ఆ కట్‌ని ఇంకొకరికి చూపించండి. ఆ షాట్ లేదని వాళ్లకి తెలియకపోతే ఏం చేయాలో మీకు తెలుసు. సౌండ్ పాఠానికి ముందు ఇది అయిపోవాలి, లాక్ చేసిన కట్ లేనివాళ్లకి 5వ పాఠంలో పనేమీ ఉండదు.