ఇంటిపేరు దగ్గర ఆగిపోయిన నా ఫారం 4

పాత మెషిన్ గన్ల యంత్రాంగం అంటే నాకు ప్రాణం. అమెరికా పౌరసత్వం వచ్చాక టెక్సస్‌లో చట్టప్రకారం మాక్-10 అనే చిన్న మెషిన్ గన్ ఒకటి కొనాలనుకున్నాను. 1986 మే 19కి ముందే ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన మెషిన్ గన్లే మనలాంటివారు కొనుక్కోగలరు. కొత్తవి చేరవు కాబట్టి ధరలు మండిపోతుంటాయి. ఎం-16 రైఫిల్ అయితే కొత్త కారు ఖరీదు పలుకుతుంది.

డీలరు ద్వారా ఫారం 4 (తుపాకిని నా పేరుకు మార్చమని ఏటీఎఫ్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థకు పెట్టే దరఖాస్తు), ఫోటో, రెండు వేలిముద్రల కార్డులు, 200 డాలర్ల పన్ను పంపాను. 1934 నుంచీ ఆ పన్ను అంతే! కొన్ని వారాలకు దరఖాస్తు వెనక్కి వచ్చింది. ఎంత బాధపడ్డానో చెప్పలేను. కారణం నా పేరే. వేలిముద్రల కార్డుల్లో ఇంటిపేరు ముందు రాశాను, ఫారంలో చివర రాశాను. మనకు రెండూ ఒకటే, ఏటీఎఫ్ వారికి ఇద్దరు మనుషులు.

డ్రైవింగ్ లైసెన్సు ఎదురుగా పెట్టుకుని, అందులో ఉన్న అక్షరాలనే అదే వరుసలో అన్నిచోట్లా రాశాను. వేలిముద్రలు కొత్తగా వేయించాను. స్థానిక పోలీసు అధికారికి పంపే ప్రతిలోనూ పేరు సరిచేశాను. ఈసారి ఆమోదం వచ్చింది. అప్పటిదాకా తుపాకి డీలరు దగ్గరే ఉంది, ఉండాలి కూడా.

ఆమోదపత్రం నకలు ఎప్పుడూ తుపాకితోపాటే ఉంచుతాను. పొరుగు రాష్ట్రంలోని షూటింగ్ రేంజికి తీసుకెళ్లాలంటే ముందే ఫారం 5320.20 మీద అనుమతి తీసుకోవాలి. అందులోనూ పేరు అదే వరుసలో రాస్తున్నాను.