ఊరి పాత కట్టడం కూల్చక తప్పనప్పుడు, దాన్ని కొత్త ప్రారంభంగా మలచడం ఎలా?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. ఒడిశా సరిహద్దులో తెలుగువాళ్లున్న ఏ ఊరు తీసుకున్నా, ఊరికి గుర్తుగా నిలిచిన కట్టడం ఒకటి ఉంటుంది. పాత బడి కావచ్చు, సత్రం కావచ్చు, గ్రంథాలయం కావచ్చు. కొత్తవాళ్లకు దారి చెప్పాలన్నా, పెళ్లివారి బస్సు ఎక్కడ ఆగాలో చెప్పాలన్నా దాని పేరే వస్తుంది. 2013 అక్టోబరులో ఫైలిన్, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను దెబ్బ తిన్న ప్రాంతం ఇది. నెర్రెలు విచ్చిన గోడకు ఎన్నాళ్లని గుంజలు ఆనిస్తాం? ఎప్పుడో ఒకప్పుడు జేసీబీ వస్తుంది.

అది వచ్చిన పూట ఏమవుతుందన్నది ఊరి చేతిలో ఉంది. నలుగురు ఫోన్లలో వీడియో తీసుకుని, సాయంత్రానికి దుమ్ము దులుపుకొని వెళ్లిపోవచ్చు. లేదా ఆ కూల్చివేతతోనే ఊరి పని ఒకటి మొదలుపెట్టవచ్చు. రెండోది కావాలంటే అసలు పనంతా గోడ మీద దెబ్బ పడకముందే జరగాలి.

ముందు తేల్చుకోవలసినవి

కూల్చడం నిజంగా తప్పదా? ‘పాతబడింది’ అన్న మాట ఒక్కటే చాలదు. బ్లాకు ఆఫీసు ఇంజినీరు చేతగానీ మునిసిపాలిటీ ఇంజినీరు చేతగానీ పరీక్ష చేయించి, వాడకానికి పనికిరాదని రాతపూర్వకంగా తీసుకోండి. పైకప్పు మారిస్తే ఇంకో ముప్ఫై ఏళ్లు నిలిచే గోడలను కూల్చి పండుగ చేసుకోవడం దండగ.

తర్వాత స్థలం ఎవరిదో చూడండి. ఒడిశా ప్రభుత్వ భూలేఖ్ వెబ్‌సైటులో ఖాతా, ప్లాటు వివరాలు దొరుకుతాయి. ఊరంతా ‘మన బడి’ అనుకునే స్థలం కాగితంలో ఇంకెవరి పేరునో ఉండటం అరుదేమీ కాదు. కట్టడం 1936 ఏప్రిల్ 1కి ముందుదైతే అది మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటిది. గంజాం, కొరాపుట్ ప్రాంతాలు అప్పటిదాకా మద్రాసులోనే ఉండేవి. అలాంటి కట్టడాల మీద తెలుగు అక్షరాల శిలాఫలకం ఉందేమో సున్నం పొరల కింద కూడా గీకి చూడండి. కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం దగ్గరలో ఉంటే మరో సంగతి గుర్తుంచుకోవాలి: దాని చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపై 200 మీటర్లలో అనుమతి కావాలి. పాతది కూల్చాక కొత్తది కట్టే వీలు లేదని తెలియడం కంటే ముందే తెలియడం మేలు.

ఇక మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. ఆ కట్టడంలోనో, దాని అరుగు మీదనో ఎవరైనా బతుకుతున్నారా? చెప్పులు కుట్టుకునే మనిషి, టీ కొట్టు, చూరు కింద పడుకునే ముసలమ్మ. వాళ్లకు చోటు చూపించకుండా ‘ఊరి పునరుజ్జీవనం’ అని బ్యానరు కడితే అది ఎవరి ఊరో చూసేవాళ్లకు అర్థమవుతుంది. వాళ్ల సంగతి తేలేదాకా మిగతా ఏర్పాట్లన్నీ ఆపండి.

ఈ మూడూ తేలాక విషయం పల్లిసభలో, అంటే ఒడిశాలో ఊరి ఓటర్లంతా కూర్చునే సభలో పెట్టి తీర్మానం చేయించండి. రాయగడ, కొరాపుట్, మల్కనగిరి జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డు ప్రాంతాలు. అక్కడ గ్రామసభ మాటకు చట్టంలోనే బలం ఉంది. నోటీసు ఒడియాలో, తెలుగులో, అవసరమైతే సవర, కువి మాట్లాడేవాళ్లకు దండోరాతో చేరాలి. తెలుగువాళ్ల కట్టడం కాబట్టి తెలుగువాళ్లం చూసుకుంటాం అన్న ధోరణి మొదట్లోనే పని చెడగొడుతుంది. పక్క వీధి ఒడియా పిల్లలూ అదే బడిలో చదివారు.

దేన్ని కొత్తదానిలోకి తీసుకెళ్లాలి?

పూరీ జగన్నాథుని గుడిలో నవకళేబరం జరిగే తీరు ఈ సరిహద్దులో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. అధిక ఆషాఢం వచ్చే కొన్ని సంవత్సరాల్లో, ఇటీవలి కాలంలో 1977లో, 1996లో, 2015లో, వేపదారువుతో కొత్త మూర్తులను చెక్కారు. పాత మూర్తుల్లోని బ్రహ్మపదార్థాన్ని రాత్రివేళ, కళ్లకు గంతలు కట్టుకుని, చేతులకు గుడ్డ చుట్టుకుని దైతపతులనే సేవకులు కొత్త మూర్తుల్లోకి మారుస్తారు. పాతవాటిని గుడి ఆవరణలోని కోయిలి వైకుంఠంలో భూస్థాపితం చేసి, ఇంట్లో మనిషి పోయినట్టే పది రోజులు మైల పాటిస్తారు. ఆ తర్వాతే నవయౌవన దర్శనం, అంటే కొత్త మూర్తుల తొలి దర్శనం. వరస గమనించండి. లోపలిది ఏమిటో ముందే తెలుసు. పాతదాన్ని పారేయరు. దుఃఖానికి గడువు ఇస్తారు. పండుగ చివర వస్తుంది.

మన కట్టడాల విషయంలో మనం సాధారణంగా పండుగతో మొదలుపెట్టి మిగతావి మరిచిపోతాం.

కాబట్టి ఊరివాళ్లను కూర్చోబెట్టి అడగవలసిన ప్రశ్న ఇది: ఈ కట్టడం పోతే దీనిలోంచి ఏ ఒక్కటి పోకూడదు? ‘మీ జ్ఞాపకాలు చెప్పండి’ అని అడగకండి. అలా అడిగితే మైకు పట్టుకున్న పెద్దమనిషి గంటసేపు తన చదువు గురించి చెబుతాడు, ఆడవాళ్లు లేచి వెళ్లిపోతారు. ఒక్క వస్తువు పేరు, లేదా అక్కడ జరిగే ఒక్క పని పేరు చెప్పమనండి. చీటీల మీద రాయించండి, రాయలేనివాళ్ల మాట పిల్లలు రాస్తారు.

పాత బడి అనుకుందాం. చాలా బళ్లలో కంచు గంట ఉండదు. రైలు పట్టా ముక్కకు కన్నం వేసి, తీగతో వేపకొమ్మకో దూలానికో వేలాడదీసి, ఇనుప కడ్డీతో కొడతారు. ఏళ్ల తరబడి ఒక్కచోటే కొట్టీ కొట్టీ, తుప్పు పట్టిన పట్టాలో అరచేయంత మేర మాత్రం నున్నగా మెరుస్తుంటుంది. కన్నం దగ్గర తీగ ఒరుసుకుని గాడి పడుతుంది. దాని ఖరీదు పాత ఇనుము ధరే. అయినా చీటీలు తెరిస్తే ఎక్కువగా దాని పేరే వచ్చినా ఆశ్చర్యపోకండి. లేదా నడుమ అరిగి గుంటపడిన రాతి గడప, లేదా సాయంత్రం పెద్దలు కూర్చునే అరుగు. వస్తువు కాకుండా పని పేరు వస్తే ఇంకా మంచిది. ‘తెలుగు అక్షరాలు నేర్పే చోటు’ అని పదిమంది రాశారంటే, కొత్త కట్టడంలో తెలుగు చెప్పే గంట ఒకటి ఉండి తీరాలని ఊరు తేల్చిందన్న మాట. గంటను మాత్రం అద్దాల పెట్టెలో పెట్టి, అక్షరాలు నేర్పే మనిషిని పెట్టకపోతే ఆ చీటీలకు విలువ లేదు.

వేలం షరతులు: అందరూ జారిపోయే చోటు

పాత కట్టడం కూల్చే గుత్తేదారుకు సాధారణంగా లాభం కూలిలో కాదు, పాత సామానులో ఉంటుంది. టేకు తలుపులు, సాల దూలాలు, ఇనుప గడ్డర్లు, మంగళూరు పెంకులు. వేలం పాట ముగిశాక ‘ఆ ద్వారబంధం మాకు కావాలి’ అంటే, అది అప్పటికే అతని సొత్తు. ఊరు ఉంచుకోదలచినవన్నీ జాబితా రాసి, ఫోటోలతో సహా వేలం షరతుల్లో ముందే చేర్పించండి. సర్పంచ్, నాయిబ్ సర్పంచ్ (ఉపసర్పంచ్), ఇంజినీరు ముగ్గురి సంతకాలూ దాని మీద ఉండాలి.

ఇటుకల విషయంలో ఒక మెలకువ ఉంది. సున్నం, సురికి (ఇటుక పొడి)తో కట్టిన గోడలో ఇటుకలు సుత్తి మొనతో మెల్లగా తడితే గార విడిపోయి చెక్కుచెదరకుండా వస్తాయి. సిమెంటుతో కట్టినవి గార విడవక ముందే ముక్కలవుతాయి. కాబట్టి గోడ ఏ కాలానిదో చూసి, సున్నపు గోడలను మనుషులతో చేత్తో విప్పించండి, మిగతాది యంత్రానికి వదలండి. కూలి ఎక్కువవుతుంది, కానీ ఆ ఇటుకలే కొత్త కట్టడం అరుగుకు, ప్రహరీకి వస్తాయి. మిగిలిన శిథిలాలను కాంక్రీటు ఒకటి, మట్టి ఒకటి, ఇనుము-కలప-ప్లాస్టిక్ ఒకటి, ఇటుక-గార ఒకటి అని నాలుగుగా వేరుచేయాలని 2016 నాటి కేంద్ర నిబంధనలు పెద్ద కూల్చివేతల విషయంలో చెప్పాయి. చిన్నవాటికీ అదే మంచి పద్ధతి. చెరువులో మాత్రం పోయనివ్వకండి. సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, వాటిని పగలగొట్టకుండా తడిపి, మేకులు ఊడదీసి, అఖండంగా దించాలి.

పాత తలుపులు భోగిమంటలో వేద్దామనేవాడు ప్రతి ఊరిలోనూ ఒకడుంటాడు. ఆలోచన వినడానికి బాగానే ఉంటుంది. అయితే పాత రంగుల్లో సీసం ఉండవచ్చు, ఆ పొగ పిల్లలకు విషం. పైగా టేకు తలుపు!

శిథిలం కూడా కొత్త గోడ కాగలదని నమ్మనివాళ్లకు బెర్లిన్ సంగతి చెప్పండి. నగరాన్ని రెండుగా చీల్చిన గోడ నిఘాకు అడ్డుగా ఉందని తూర్పు జర్మనీ ప్రభుత్వం 1985లో అక్కడి సయోధ్య చర్చిని పేల్చివేసింది. నాలుగేళ్లకు, 1989 నవంబరు 9న, ఆ గోడే పనికిరాకుండా పోయింది. తర్వాత అదే స్థలంలో మట్టి దిమ్మిస కొట్టి కొత్త ప్రార్థనామందిరం కట్టారు. ఆ మట్టిలో పాత చర్చి ఇటుక ముక్కలు కలిపారు. పాత గంటలను మళ్లీ వేలాడదీశారు. మట్టి గోడ కట్టే చేతులు కొరాపుట్ పల్లెల్లో కావలసినన్ని ఉన్నాయి.

నడుమ కాలానికి బాలాలయం

గుడి జీర్ణోద్ధరణ చేసేటప్పుడు నిత్యపూజ ఆగకుండా బాలాలయం కడతారు. యాదగిరిగుట్టలో 2016 నుంచి 2022 మార్చి 28న మహాసంప్రోక్షణ జరిగేదాకా భక్తులకు దర్శనం బాలాలయంలోనే. బడికీ, గ్రంథాలయానికీ ఇదే సూత్రం. కూల్చే రోజుకు ముందే తాత్కాలిక చోటు చూసి, గంటనో పుస్తకాల బీరువానో ఊరేగింపుగా అక్కడికి చేర్చండి. ఈ ఊరేగింపే నా లెక్కలో కూల్చివేత కంటే పెద్ద ఘట్టం. మేళతాళాలు, పిల్లలు, ఫోటోలు అన్నీ ఇక్కడ పెట్టుకోండి, ప్రమాదం లేని చోట. దీనికి ముందు వారంలో కట్టడాన్ని నలువైపులా ఫోటో తీయించి, టేపుతో కొలతలు తీసి, కాగితం మీద నక్షా గీయించండి. పై తరగతి పిల్లలు ఒక్క ఆదివారంలో చేయగల పని ఇది.

తేదీ, మొదటి దెబ్బ

సంక్రాంతి తర్వాత, ఎండలు ముదరకముందు, పిల్లల పరీక్షలకు అడ్డం రాకుండా చూసుకోండి. ఆగస్టు 29 మీద చాలామందికి మోజు ఉంటుంది. గిడుగు రామమూర్తి పుట్టినరోజు, పైగా ఆయన పర్లాకిమిడిలో పాఠాలు చెప్పినవారు. కానీ అది వానాకాలం నడుమ. తడిసిన పాత గోడ ఎటు పడుతుందో చెప్పలేం. ఆ తేదీని పాత ఫోటోల ప్రదర్శనకు ఉంచుకోండి. మార్గశిర లక్ష్మీవారాలు తెలుగిళ్లలోనూ ఒడియా ఇళ్లలోనూ వ్రతదినాలే, ఆ రోజుల్లో కూల్చివేత పెడితే ఇంటి ఆడవాళ్లెవరూ రారు.

మొదటి దెబ్బ ఎవరు వేయాలి? ఎమ్మెల్యే అని అందరూ అంటారు. ఒక్కసారి ఆలోచించండి. తమిళనాడులో మదురై జిల్లా ఉత్తపురంలో దళితుల దారికి అడ్డంగా నిలిచిన గోడలో కొంత భాగాన్ని 2008 మే 6న కూల్చారు. అక్కడ ఆ గోడ దేనికి గుర్తో చెప్పనక్కరలేకపోయింది. మన కట్టడానికీ అలాంటి చరిత్ర ఉందేమో చూడాలి. ఒకప్పుడు ఎవరినైనా గుమ్మం బయట నిలబెట్టారా? నిలబెట్టి ఉంటే సమ్మెట మొదట వాళ్ల చేతికి ఇవ్వాలి, ఆ సంగతి అందరి ముందూ పైకి చెప్పాలి. అలాంటిదేమీ లేకపోతే ఆ బడిలో చదివినవారిలో అందరికంటే పెద్దవారు ఒక్క పెంకు దించితే చాలు, ఎమ్మెల్యే పక్కన నిలబడవచ్చు.

కరెంటు, నీటి కనెక్షన్లు ముందురోజే తీయించండి. గోడ ఎత్తుకు రెట్టింపు దూరంలోనైనా తాడు కట్టి ఎవరినీ లోపలికి రానివ్వకండి. దుమ్ము లేవకుండా నీళ్లు చల్లుతూనే ఉండాలి.

ఖాళీ స్థలం భయం

అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలో ప్రూయిట్-ఐగో అనే 33 భవనాల పేదల గృహసముదాయం ఉండేది. 1972లో దాని భవనాలను పేల్చిన దృశ్యాలను ప్రపంచమంతా చూసింది. 1976కల్లా అన్నీ కూల్చేశారు. ఆ తర్వాత దశాబ్దాల తరబడి ఆ స్థలంలో చాలా భాగం చెట్లూ చేమలతో ఖాళీగా పడి ఉంది. కూల్చివేత గుర్తుగానే మిగిలింది, వైఫల్యానికి గుర్తుగా.

మన దగ్గర ఖాళీ స్థలం ఆర్నెల్లు ఉంటే చెత్త చేరుతుంది, ఏడాది ఉంటే కబ్జా వస్తుంది. అందుకే శిథిలాలు ఎత్తిన నెలలోపు ఏదో ఒకటి కట్టేయండి. పూర్తి భవనానికి నిధులు రావడానికి ఏళ్లు పడుతుంది, అది వేరే సంగతి. ఏరి ఉంచిన పాత ఇటుకలతో ఒక పొడవాటి అరుగు, దాని పక్కన మొక్క, రెండు లిపుల్లో ఒక బోర్డు. బోర్డు మీద పాత కట్టడం ఏ సంవత్సరంలో కట్టారో, ఎందుకు కూల్చారో, తర్వాత ఏమి వస్తుందో మూడే వాక్యాలు. రెండు భాషల వాక్యాలనూ రెండూ వచ్చినవారితో చదివించి సరిచూసుకోండి. పేర్ల జాబితా వద్దు, దాని మీదే తగువులన్నీ వస్తాయి.

ఇంక మిగిలింది డబ్బు. వేలంలో వచ్చినదెంత, కూలీలకు పోయినదెంత, అరుగుకు అయినదెంత, చేతిలో ఉన్నదెంత, అన్నీ రాసి పంచాయతీ గోడకు అతికించండి. కొత్త భవనం కోసం చందా అడగడానికి ఇంటింటికీ తిరిగేటప్పుడు, ఆ కాగితం నకలు ఒకటి జేబులో ఉంచుకోండి. మొదటి ఇంట్లోనే అడుగుతారు.