క్లోజాపిన్ లెవెల్ టెస్ట్‌కి రక్తం ఎప్పుడు, ఎలా ఇవ్వాలి?

"నెలనెలా రక్తం ఇస్తూనే ఉన్నాంగా, మళ్ళీ ఈ టెస్ట్ ఏంటి?" స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకి క్లోజాపిన్ మాత్రలు వాడేవాళ్ళ ఇళ్ళల్లో మామూలుగా వచ్చే ప్రశ్నే ఇది. నెలనెలా చూసేది తెల్లరక్తకణాల లెక్క, ఎందుకంటే ఈ మందు కొద్దిమందిలో వాటిని ప్రమాదకరంగా తగ్గించేస్తుంది. ఒంట్లో మందు ఎంత ఉందో అందులో తెలియదు. దానికి విడిగా క్లోజాపిన్ లెవెల్ చేయించాలి. డోసు సరిపడా ఇస్తున్నా గుణం కనిపించకపోయినా, మాత్రలు సరిగా వేసుకోవట్లేదని అనుమానం వచ్చినా, మత్తు మరీ ఎక్కువైనా డాక్టర్లు ఇది రాస్తారు.

ముందు ల్యాబ్‌కి ఫోన్ చేయండి. చిన్న ల్యాబులు రక్తం తీసి పెద్ద ల్యాబ్‌కి పంపిస్తాయి, రిపోర్టుకి కొన్ని రోజులు పట్టొచ్చు. సాధారణంగా ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో తీస్తారు, జెల్ ఉన్న ట్యూబు దీనికి పనికిరాదు.

డోసు మార్చిన మర్నాడే పరిగెత్తకండి. ఒకే డోసు మీద వారం రోజులైనా గడవాలి, అప్పటికిగానీ లెవెల్ నిలకడకి రాదు. మందు ఎక్కువైందని డాక్టరుకి అనుమానం వస్తే మాత్రం ఆగరు, వెంటనే తీయిస్తారు.

అసలు కిటుకంతా టైములో ఉంది. చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకి రక్తం తీయాలి, అంటే రాత్రి 9కి వేసుకుంటే పొద్దున 9కి. పొద్దున మాత్ర కూడా ఉంటే అది జేబులో పెట్టుకుని వెళ్ళి, రక్తం ఇచ్చాక అక్కడే వేసుకోండి. అలవాటు కొద్దీ ఇంట్లోనే వేసేసుకుని వెళ్తే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, డాక్టరు దాన్ని నమ్మి డోసు తగ్గించే ప్రమాదం ఉంది. అలాగని టెస్ట్ కోసం రాత్రి మాత్ర మానేయడం కూడా తప్పే. ఒకవేళ 48 గంటలకి మించి మందు మానేసి ఉంటే పాత డోసు సొంతంగా మొదలుపెట్టకుండా ముందు డాక్టర్‌తో మాట్లాడండి.

"రాత్రి మాత్ర ఎన్నింటికి వేసుకున్నావురా?" అని అడిగి ఆ టైము, రక్తం తీసిన టైము, రోజు డోసు ఫారం మీద రాయించండి, ఎవరూ అడగకపోయినా సరే. సిగరెట్, బీడీ సంగతి దాచొద్దు. పొగ వల్ల కాలేయం ఈ మందుని త్వరగా ఖర్చు చేసేస్తుంది. అది నికోటిన్ పని కాదు, పొగలోని వేరే రసాయనాలది, అందుకే పొగ మానేసినవాళ్ళకి నికోటిన్ ప్యాచ్ వేసినా వారం తిరిగేసరికి లెవెల్ బాగా పెరగొచ్చు. సిప్రోఫ్లాక్సాసిన్ (యాంటీబయాటిక్), ఫ్లూవోక్సమైన్ (డిప్రెషన్ లాంటి వాటికి ఇచ్చేది) వంటి మందులు, ఇన్ఫెక్షన్లు కూడా లెవెల్ పెంచుతాయి.

రిపోర్టులో మిల్లీలీటరుకి 350 నుంచి 600 నానోగ్రాములు ఉంటే సాధారణంగా పనిచేసే స్థాయి అంటారు. 1000 దాటితే ఫిట్స్ భయం ఎక్కువ. కొన్ని ల్యాబులు లీటరుకి మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, అక్కడ 0.35 అంటే ఈ 350యే, చూసి టెన్షన్ పడకండి. 350 లోపున్నా హాయిగా ఉన్నవాళ్ళు ఉంటారు కాబట్టి అంకె చూసి ఇంట్లోనే మాత్రలు పెంచడం, తగ్గించడం చేయొద్దు.

జ్వరం, గొంతునొప్పి వస్తే మాత్రం ఈ రిపోర్టు కోసం కూర్చోకండి. అదే రోజు డాక్టర్‌కి చెప్పి తెల్లరక్తకణాలు చూపించాలి. ఫిట్స్ వచ్చినా, మలబద్ధకంతో కడుపు ఉబ్బి వాంతులవుతున్నా నేరుగా ఆసుపత్రికే.