అక్షరధ్వనులు నేర్పే గెంతులాట

ఎల్.కె.జి. పిల్లలకు అక్షరాల ధ్వనులు నేర్పే టీచర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు ఈ ఆటను ఆడించి చూడాలని నా మనవి. నేల మీద సుద్దముక్కతో మూడు పెద్ద వలయాలు గీసి, వాటిలో మ, క, స అని రాయండి. మీరు ‘మజ్జిగ’ అనగానే పిల్లలు ఆ మాటను పైకి పలుకుతూ, దాని మొదటి ధ్వని ఉన్న వలయంలోకి గుంపుగా గెంతాలి. గుంపుకు ఐదారుగురు మించకపోతే తోపులాట ఉండదు. విజయవాడ ఎండలకు ఆరుబయట నేల త్వరగా కాలుతుంది కనుక వరండాయే మేలు.

మాటల ఎంపికే ఇందులో అసలు పని. మజ్జిగ, మల్లెలు, కడవ, కలం, సబ్బు, సపోటా వంటి తలకట్టు అక్షరంతో మొదలయ్యే మాటలనే మొదట వాడాలి; మిరపకాయ, గుంటూరు మన పిల్లలకు ఎంత తెలిసిన మాటలైనా, అవి ‘మి’, ‘గు’లతో మొదలవుతాయి కాబట్టి గుణింతం మొదలుపెట్టేదాకా పక్కన ఉంచడం మంచిది. ప–బ, త–ద వంటి జంటలను పలికే స్థానం ఒకటే అయి, గొంతులోని కంపనం మాత్రమే తేడా కనుక, వాటిని తొలిరోజుల్లో పక్కపక్క వలయాల్లో రాయకండి.

తప్పు వలయంలోకి గెంతిన బిడ్డను ఆట నుంచి తప్పించకూడదని మాత్రం గట్టిగా చెబుతాను. ఆ ధ్వనిని మరికొన్నిసార్లు వినవలసింది ఆ బిడ్డే కాబట్టి, ‘మ... మ... మజ్జిగ’ అని సాగదీసి పలికి, అందరితోపాటు మళ్ళీ గెంతనివ్వండి.