మహాద్జీ షిందే జీవితాన్ని అధ్యయనం చేయడం ఎలా

మరాఠా సర్దారుల చరిత్రను తేదీల వరుసలో చదువుకుంటూ పోతే చివరికి యుద్ధాల పేర్లు తప్ప మనసులో ఏమీ నిలవదు. మహాద్జీ షిందే విషయంలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. నా అభిప్రాయంలో ఆయన ఘనత గెలిచిన యుద్ధాలలో కంటే ఓటమి తర్వాత మళ్లీ నిలదొక్కుకున్న సంవత్సరాలలో కనిపిస్తుంది. అందువల్ల ఆయనపై వ్యాసం రాయదలచినవారు మొదటి నుంచి చివరి వరకు రెండు ప్రశ్నలను వదలకుండా పట్టుకోవాలి: ఆయన ఎవరి పేరున అధికారం నడిపాడు, ఆయన సైన్యానికి జీతాలు ఎక్కడి నుంచి వచ్చాయి.

ముందుగా పేర్ల చిక్కు తీర్చుకోండి. షిందే, షిండే, సింధియా అని రాసేది ఒకే వంశాన్ని. మహాద్జీని కొన్నిచోట్ల మాధవరావు షిందే అని కూడా అంటారు కనుక, 1761 నుంచి 1772 వరకు పాలించిన పీష్వా మాధవరావుతోనూ, 1774లో పుట్టిన మరో పీష్వా సవాయి మాధవరావుతోనూ ఆయన కలగలిసిపోయే ప్రమాదం ఉంది. తర్వాత ఒక కాగితంపై సతారాలోని ఛత్రపతిని, పుణేలోని పీష్వాను, వారి కింద షిందే, హోల్కర్, గైక్వాడ్, నాగపూర్ భోంస్లే వంశాలను గుర్తించుకుని, పక్కనే షిందేల వంశవృక్షం వేయండి. మహాద్జీ తండ్రి రాణోజీ కుమారులలో జయప్ప 1755లో హత్యకు గురికావడం, దత్తాజీ 1760 జనవరిలో యమునా తీరంలోని బురాడీ వద్ద యుద్ధంలో కూలడం, జయప్ప కుమారుడు జనకోజీ పానిపట్టు తర్వాత ప్రాణాలు కోల్పోవడం ఆ వృక్షంలో కనిపిస్తే, మహాద్జీకి నాయకత్వం ఏ పరిస్థితులలో దక్కిందో వేరుగా చెప్పనక్కరలేదు. అయినా వారసత్వ వివాదం తీరి ఆయన స్థానం స్థిరపడేసరికి 1768 వచ్చింది.

1761 జనవరి 14 నాటి పానిపట్టు యుద్ధం దగ్గర కొంతసేపు ఆగండి. అక్కడ తగిలిన గాయంతో మహాద్జీ జీవితాంతం కుంటివాడయ్యాడు. ఆయనను కాపాడినవాడు రాణే ఖాన్ అనే నీళ్లు మోసే భిస్తీ. మహాద్జీ అతణ్ణి సోదరుడిగా ఆదరించి సేనానిని చేశాడు. దీనిని కృతజ్ఞతకు సంబంధించిన చిన్న కథగా చెప్పి దాటేయవద్దు. 1788లో ఢిల్లీని తిరిగి పట్టుకున్న సైన్యాన్ని నడిపిన రాణే ఖాన్ ఇతడే.

ఆ తర్వాత మొదటి ప్రశ్నకు రండి. 1772 జనవరిలో మొగలు చక్రవర్తి రెండవ షా ఆలంను అలహాబాదు నుంచి ఢిల్లీకి చేర్చి సింహాసనంపై నిలబెట్టడంలో మహాద్జీ ముఖ్యుడు. 1779లో వడ్‌గావ్ వద్ద ఆంగ్లేయ సైన్యం లొంగిపోయేలా చేసినవారిలోనూ, 1782 మే 17న మరాఠాలకు, ఆంగ్లేయులకు మధ్య సాల్బాయి సంధిని కుదిర్చినవారిలోనూ ఆయన ఉన్నాడు. ఈ రెండింటి మధ్య 1780లో గ్వాలియర్ కోట ఆంగ్లేయుల చేతికి పోయిన సంగతిని విడిచిపెట్టి రాస్తే, ఆయన సంధికి ఎందుకు మొగ్గాడో పాఠకుడికి అర్థం కాదు. 1784లో చక్రవర్తి సర్వాధికారి పదవిని పీష్వాకు ఇచ్చి, పీష్వా ప్రతినిధిగా ఆ అధికారాన్ని మహాద్జీకి అప్పగించాడు. ఉత్తర హిందుస్థానాన్ని తన బలంతో శాసిస్తూ కూడా ఇద్దరు ప్రభువుల పేరున పాలించిన ఈ ఏర్పాటే ఆయన రాజనీతికి కీలకమని నేను భావిస్తాను.

రెండవ ప్రశ్నకు 1787 నాటి లాల్‌సోట్ పోరు మంచి ఉదాహరణ. జైపూర్, జోధ్‌పూర్ సేనలను ఎదుర్కొన్న ఆ సమయంలో జీతాల బకాయిలతో విసిగిన మొగలు పటాలాలు శత్రుపక్షంలో చేరడంతో మహాద్జీ వెనక్కి తగ్గవలసి వచ్చింది. మరుసటి సంవత్సరం రోహిల్లా నాయకుడు గులాం కాదిర్ ఢిల్లీలో చొరబడి చక్రవర్తి కళ్లు పీకించాడు. ఈ దెబ్బ నుంచి కోలుకునే క్రమంలో మహాద్జీ ఐరోపాలోని సావోయ్ దేశస్థుడైన సేనాని ద బ్వాఞ్ శిక్షణలోని పదాతి దళాలను పెంచి, వాటి జీతాల కోసం గంగా యమునల మధ్య భూముల ఆదాయాన్ని ప్రత్యేకంగా కేటాయించాడు. 1790లో పాటన్, మేడ్తా విజయాలను వర్ణించేముందు ఈ కేటాయింపు గురించి ఒక పేరా రాయండి.

ఆధారాలను ఎంచుకునేటప్పుడు వాటి స్వభావం తెలుసుకోవాలి. మరాఠీ బఖర్లు (వచన చరిత్రలు) మన కైఫీయత్తుల వలె కథనరూపంలో సాగుతాయి కనుక, తేదీల కోసం వాటిపై ఆధారపడకుండా ఆనాటి ఉత్తరాలను చూడాలి. ఆ ఉత్తరాలు ఎక్కువగా మరాఠీని గొలుసుకట్టుగా రాసే మోడీ లిపిలో, తిథులతో, శుహూర్ అనే ఆనాటి మరాఠా కాలగణన సంవత్సరాలతో ఉంటాయి. ముద్రిత సంకలనాలలో సంపాదకులు ఇచ్చిన ఆంగ్ల తేదీని స్వీకరించేముందు తిథితో సరిచూసుకోవడం మేలు. ఆంగ్లేయ రాయబారుల లేఖలు వివరంగా ఉంటాయి గాని, అవి ఈస్టిండియా కంపెనీ ప్రయోజనాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవని మరువరాదు.

1794 ఫిబ్రవరి 12న పుణే దగ్గరి వానవడీలో మహాద్జీ మరణించాడు, అక్కడి షిందే ఛత్రి ఆయన స్మారకం. మీ అధ్యయనాన్ని మాత్రం అక్కడ ముగించకండి. 1795లో ఖర్డా వద్ద వారసుడు దౌలత్‌రావు పంపిన ఫ్రెంచి సేనాని పెర్రాఁ పటాలాలు నిజాం పక్షాన పోరాడిన మరో ఫ్రెంచి సేనాని రేమాఁ పటాలాలకు ఎదురు నిలిచాయి. ఆ రేమాఁ సమాధి నేటికీ హైదరాబాదులో ఉంది కనుక మన పాఠకులు చూసి రాగలరు. చివరగా 1803లో ఢిల్లీ, అసాయీ, లాస్వాడీ యుద్ధాలను, డిసెంబరులో జరిగిన సుర్జీ అంజన్‌గావ్ సంధిని చదివి, మహాద్జీ సంపాదించిన భూములలో ఏవి కంపెనీ పరమయ్యాయో పటంపై గుర్తించండి.